అరటి కర

తెల్లారగట్ల రావులపాలెం మార్కెట్లో
గెలలు లారీ ఎక్కాక మిగిలేవి పువ్వులు.
టైర్ల కింద నలిగిన ఊదా దొప్పలు,
ఆవులు సగం నమిలి వదిలేసినవి.
అవే నాకు కావాలి.

"మళ్లీ వచ్చారా పువ్వులమ్మా" అంటాడు ఏసుపాదం,
కర్పూర అరటి గెల ఎడం భుజానికెత్తుకుంటూ.
కుడి భుజం వాచి మూడు నెలలు.
వావిలాకు వెచ్చజేసి, ఆముదం రాసి, గుడ్డ కట్టి
పైన చొక్కా తొడుగుతాడు.
చొక్కా నిండా కర.
ఏ సబ్బుకీ లొంగని నల్లటి పటం,
ఏ లంక ఎక్కడుందో దాని మీద వేలు పెట్టి చూపించొచ్చు.

అమలాపురంలో మా కాలేజీ మేడ మీద ల్యాబు.
కరెంటు ఉంటే ల్యాబు,
లేకపోతే కొబ్బరి మట్టల చప్పుడు వినే గది.
దొప్పలు నీడన ఎండబెట్టి, దంచి,
ఆల్కహాల్లో మూడు రోజులు నానేశాను.
అది ఆరబోసి మిగిలినదాంట్లో ఒక పిసరు
నాలిక మీద వేసుకున్నాను.
చెయ్యకూడదు, చేశాను.
వగరు.
మాటని లోపలికి లాక్కుని తలుపేసినట్టు.
పుస్తకం దాన్ని ఫినాల్ అంటుంది,
మా అమ్మమ్మ పిందె బుద్ధి అనేది.
పసుప్పచ్చ రియేజెంటు పోస్తే
నీలం తిరిగింది,
బోడసకుర్రు వంతెన మీంచి
వైనతేయ కూడా ఏనాడూ తిరగనంత నీలం.

ఇక ఎంజైము.
లైపాక్సిజనేజ్ అంటే నోరు తిరగదు.
అది శత్రువేం కాదు.
కండ చిట్లినచోట
కణం గోడలో కొవ్వుకి గాలి తగిలించి
"గండి పడింది, గండి పడింది" అని
ఏటిగట్టు మీద అరిచే కాపలావాడు.
ఆ కేకకే జనం పోగవుతారు, నీరు చేరుతుంది, వేడెక్కుతుంది.
చిక్కల్లా ఒకటే.
ఇసుక బస్తాలు వేసి గండి పూడ్చేశాక కూడా
వాడికి నోరు మూయడం తెలీదు.
వాడి గుండెలో ఒక్కటంటే ఒక్కటి ఇనుప అణువు,
అది మారితేనే కేక.

ఐసు కరిగి ఎంజైము చచ్చింది రెండుసార్లు.
కరెంటు పోయింది నాలుగుసార్లు.
మిగతావాటికి తప్పు నాదే.
పదకొండోసారి
ఎప్పుడూ కొండెక్కే గీత
చాప పరిచినట్టు పడుకుంది.
భాస్కరవల్లి మేడం కళ్లజోడు నుదుటికి తోసి
"సగం ఆగింది. మళ్లీ చెయ్యి" అంది.
ఆవిడ నోట మెచ్చుకోలు అంతకు మించి ఎవరూ వినలేదు.

ఆ రాత్రి హాస్టల్ వంటింట్లో
మిగిలిన పువ్వు కూరకి తరుగుతుంటే
కత్తిపీట నల్లబడింది.
ఎప్పుడూ నల్లబడేదే.
చింతపండు చేతిలోకి తీసుకుని, ఆగిపోయాను.
వగరు ఇనుముని పట్టుకుంది.
పొద్దున గాజు గొట్టంలో జరిగిందీ ఇదేనేమో,
కంటికి కనపడనంత చిన్న కత్తి మీద.
ఇన్నేళ్లూ దీన్ని
మురికి అనుకుని తోమాను.

"దొరికిందటగా మందు?"
దొరికింది ఏసుపాదం, గొట్టంలో.
గొట్టానికి కడుపు లేదు, కాలేయం లేదు.
నీ భుజం దాకా వచ్చేలోపు దీన్ని
ఎంతమంది ఆపి సోదా చేస్తారో నాకింకా తెలీదు.
నేను నోరు మూయించింది సోయా గింజలోని కాపలావాణ్ణి,
నీవాణ్ణి కాదు.
ఇదంతా చెప్పలేక
"వారం రోజులు గెల ముట్టుకోకు" అన్నాను.
"ఆయ్, ఆ మందు ఖరీదు వారం కూలండి" అని
ఎడం చేత్తో నాలుగు పువ్వులేరి
నా సంచిలో వేశాడు.

కాలేజీ గేటు దగ్గర
వేలిముద్ర యంత్రం నన్ను గుర్తుపట్టలేదు.
బొటనవేలు నిండా కర.
చీర కొంగుకి తుడిచాను, కొంగు కూడా పాడైంది.
మళ్లీ పెట్టమంది యంత్రం.
మళ్లీ పెట్టాను.